ఎదురుకాళ్ల పిల్ల కాలు బెణికింది

కాలు బెణకడం కూడా ఒక జబ్బేనా, దాన్ని పనిగట్టుకుని రాయడం ఒకటా అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనీండి. నేనూ ఒకప్పుడు నవ్విన బాపతే. పెద్ద జబ్బులతో ఏళ్లకేళ్లు కొట్లాడి బయటపడ్డవాళ్ల ముందు నా ఎడమకాలి కథ విప్పాలంటే నాకే మొహమాటంగా ఉంటుంది. కానీ నేను బస్సు కండక్టర్ని. కదిలే బస్సులో నిలబడటమే నా బతుకుదెరువు. నిలబడలేని కండక్టరు ఎవరికి కావాలి? ఆ భయం దాదాపు ఏడాదిపాటు నాతోపాటే బస్సెక్కి నాతోపాటే దిగింది. ఇప్పుడు 2014. ఆ కాలి మీదనే రోజంతా నిలబడి డ్యూటీ చేసి వచ్చి ఇది రాస్తున్నాను. రాసేటప్పుడు మాత్రం కూర్చునే ఉన్నాలెండి.

ఇంకో సంగతి ముందే చెప్తే మిగతాది అర్థమవుతుంది. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అందరికీ తల ముందు వస్తే నాకు కాళ్లు ముందు వచ్చాయి. మా అమ్మ చావు తప్పి బతికింది. సూర్యాపేట పక్కన గొర్లు కాసుకునే ఇల్లు మాది. మా దిక్కు అట్లా పుట్టినవాళ్ల పాదానికి బెణుకులు తీసే గుణం ఉంటుందని నమ్ముతారు. నడుం పట్టినా, మెడ పట్టినా, కాలు మడతపడినా వచ్చి తొక్కించుకుంటారు. తొక్కడమంటే పైకెక్కి తొక్కడం కాదు. తొక్కే మనిషి ఎడమకాలి మీద నిలబడి, కుడిపాదాన్ని నొప్పి ఉన్నచోట ఆనించి, పైనుంచి కిందికి మూడుసార్లు నిమరాలి. పరగడుపున, మూడు పొద్దులు. తొక్కినవాళ్లు ఏమీ పుచ్చుకోకూడదు. తొక్కించుకున్నవాళ్లు ఆ మూడు రోజులు గడప దాటకూడదు.

గొర్ల వెంట రాళ్లల్లో రప్పల్లో తిరిగే మా వాడకట్టు వాళ్ల కాళ్లన్నీ నా చిన్నప్పుడే నా పాదం కిందికి వచ్చాయి. పెళ్లై మిర్యాలగూడ వచ్చాక ఆ పేరు ఇక్కడికీ పాకింది. పాకించింది మా అత్తమ్మ. ఆమె పుట్టిల్లు కోదాడ. మా ఆయన వెంకన్న రైసుమిల్లులో పనిచేస్తాడు కాబట్టి, మిల్లు హమాలీలు నడుములు పట్టుకుని పొద్దున్నే మా వాకిట్లో కూర్చునేవాళ్లు. నేను తొక్కి, యూనిఫాం వేసుకుని డిపోకు పోయేదాన్ని. వెనక అత్తమ్మ వాళ్లను గదమాయించడం వినబడేది. "మూడు రోజులు బస్తా ముట్టుకున్నావంటే నా కోడలి కాలికి చెడ్డపేరు తెచ్చినవాడివవుతావు, చెప్తున్నా!" అనేది. వాళ్లకు తగ్గేది. నిజంగానే తగ్గేది.

2009, వానాకాలం

ఆ రోజు మాది కోదాడ నుంచి మిర్యాలగూడ ట్రిప్పు. హుజూర్‌నగర్ దాటినప్పటి నుంచి ఒకటే వాన. నేరేడుచర్ల దగ్గర వడ్ల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా దిగబడి ఉంటే, మా బస్సును వెనక్కి తీసి పక్క తోవలో పోనియ్యాల్సి వచ్చింది. బస్సు వెనక్కి తీస్తున్నప్పుడు కండక్టరు దిగి, వెనక నిలబడి విజిల్ ఊదాలి. దిగాను. బస్సు మీద కళ్లు పెట్టి విజిల్ ఊదుతూ వెనక్కి అడుగేశాను. నీళ్ల కింద గుంత ఉన్నట్టు తెలియలేదు. పాదం లోపలికి మడతపడి ఒంటి బరువంతా దాని మీద పడ్డది. చీలమండలో పటుక్కుమని ఏదో అన్నట్టయింది. నోట్లో విజిల్ ఉండబట్టి కేక బయటికి రాలేదు, విజిలే ఇంత పొడుగు మోగింది. డ్రైవరు కరీం చాచా అది ఆపమని చెప్పే విజిల్ అనుకుని బ్రేకు వేశాడు. లేకపోతే బురదలో కూలబడ్డ నా మీదికే వచ్చేది బస్సు.

చాచా దిగి వచ్చి చూశాడు.

"ఏమైంది బేటీ?"

"ఏం లేదు చాచా, జర కాలు మడతవడ్డది. పోనియ్."

"ఏం లేదంట! నీ మొఖం ఎట్లున్నదో అద్దంల సూస్కో పో. ఎక్కి కూసో. మిర్యాలగూడ దాంక లేసినవంటే నేను బండి నడపను."

బస్సులో కాలు పెట్టేసరికే చెప్పు పట్టనంత వాపు వచ్చింది. ఎవరో పెద్దామె తన మూట మీద నా కాలు పెట్టించింది. లోపల బట్టలే ఉన్నాయి, ఏం కాదు పెట్టుకో బిడ్డా అన్నది. తోవలో ఎక్కినవాళ్ల డబ్బులు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చాయి, టికెట్లు, చిల్లర చేతులు మారుతూ వెనక్కి పోయాయి. ఎవరూ గొణగలేదు. రోజూ చిల్లర కోసం నాతో పంచాయితీ పెట్టే మనుషులేనా వీళ్లు అనిపించి, నొప్పిలో కూడా నవ్వొచ్చింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ నా కాలు చూసి ముందు అడిగిన మాట, "కుడిదా, ఎడమదా?"

"ఎడమది అత్తమ్మా."

"అమ్మయ్య! తొక్కే కాలు కాదుగా" అన్నది గుండెల మీద చెయ్యి వేసుకుని.

ఆ అమ్మయ్య తెల్లారేదాకానే నిలబడింది. పొద్దున్నే ఒక హమాలీ నడుం పట్టుకుని వచ్చాడు. తలుపు చెక్క పట్టుకుని కుంటుకుంటూ పోయి, అలవాటు కొద్దీ కుడికాలు లేపాను. ఎడమకాలు నన్ను మొయ్యలేదు. పక్కకు ఒరిగిపోతుంటే అత్తమ్మ వచ్చి పట్టుకుంది. అప్పుడు అర్థమైంది మా ఇద్దరికీ. ఇన్నేళ్లు మేము కుడికాలికి మొక్కుతున్నాం, మోసింది ఎడమకాలు.

ఇక అత్తమ్మకు పట్టుదల వచ్చింది. నా కాలిని నేను తొక్కుకోలేను కాబట్టి ఇంకో ఎదురుకాళ్ల మనిషిని వెతకాలి. కోదాడలో ఆమెకు వరసకు వదినయ్యే సుబ్బమ్మ ఉన్నది. ఆమె కూడా నాలాగే పుట్టిందట. మా ఆయన "డాక్టర్‌కు సూపిద్దాం" అని నసిగాడు గానీ, ఊళ్లో వాళ్ల బెణుకులన్నీ తీసే ఇంట్లో నుంచి బెణుకుకు డాక్టర్ దగ్గరికి పోవడమేంటని అత్తమ్మ కసిరింది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కోదాడ పోయాం.

సుబ్బమ్మ మంచి మనిషి. మా కోసం పప్పు, ఆవకాయ పెట్టి అన్నం వండింది. కానీ మనిషి మంచి లావు. నేను పాదం ఆనిస్తాను, ఆమె నిజంగానే తొక్కింది. ప్రాణం పోయినంత పనైంది. తర్వాత వేడి ఆముదం పోసి, బొటనవేళ్లతో వాపును నలిపి నలిపి రుద్దారు. కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి కాపడం పెట్టారు. "ఓర్చుకో అమ్మాయ్, లోపల మడత విడిపోవాలిగా" అని అత్తమ్మ నా తల పట్టుకుని తనే ఏడ్చింది. రెండో పొద్దుకు కాలు నల్లగా కమిలి, వాపు పిక్కదాకా పాకింది. మూడో పొద్దుకు నేను ఆగలేదు. ఎదురుకాళ్ల పిల్లకే కాలు బెణికిందంట అని డిపోలో నవ్వుకుంటారన్న రోషంతో గట్టిగా గుడ్డ చుట్టుకుని డ్యూటీకి ఎక్కాను. మూడు రోజులు గడప దాటొద్దన్న మాట ఊరందరికీ చెప్పిన ఇల్లు మాది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినేదాన్ని కాదు.

ఆ చలికాలం

వాపు మెల్లగా దిగింది. నొప్పీ తగ్గింది. తగ్గిందనే అనుకున్నాను. కానీ కాలు నమ్మకం లేనిదైపోయింది. సాఫు నేల మీద నడుస్తున్నప్పుడు కూడా ఉన్నట్టుండి మడతపడేది. బస్టాండులో పడ్డాను, ఇంటి మెట్ల మీద పడ్డాను, ఒకసారి మా బిడ్డ స్కూల్లో అందరు తల్లుల ముందు పడ్డాను. పడ్డ ప్రతిసారీ మళ్లీ వాపు, మళ్లీ ఆముదం. ఆ చలికాలం తెలంగాణ బందులు ఎక్కువ. బస్సులు డిపో దాటని రోజుల్లో అందరూ జీతం ఏమైపోతదో అని పరేషాన్ అవుతుంటే, నేను మాత్రం లోలోపల కాలికి సెలవు దొరికిందని సంతోషపడేదాన్ని.

రాను రాను భయం పట్టుకున్నది. బస్సు కదిలితే రెండు చేతులతో రాడ్డు పట్టుకునేదాన్ని. రెండు చేతులూ రాడ్డు మీద ఉంటే టికెట్ ఎట్లా కొట్టాలి? కరీం చాచా అద్దంలో నన్ను చూసి బండి మెల్లగా పోనిచ్చేవాడు. ఆలస్యమైందని ఎవరన్నా అంటే "ఇంజన్ గరం అయితుంది" అని అబద్ధమాడేవాడు, నా పేరు రానిచ్చేవాడు కాదు.

ఒకరోజు సూర్యాపేట నుంచి కోదాడ పోతున్నాం. మునగాల దాటాక వెనక డోరు దగ్గర టికెట్ ఇస్తుండగా కాలు మడతపడ్డది. డోరు తెరిచే ఉన్నది. నేను అటువైపే ఒరిగాను. కింద పరుగెత్తే రోడ్డు కనబడ్డది, అంతే. మెట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి నా భుజానికున్న సంచి పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆయన ఒళ్లో పడ్డాను. ఎవరో కేక వేస్తే చాచా బ్రేకు వేశాడు.

"బిడ్డా, గీ కాలుతోని గీ బండెందుకెక్కినవే? ఇంటికాడ పిల్లలు లేరా నీకు?" అని ఆ పెద్దమనిషి తిట్టాడు. తిడుతూనే తువ్వాలతో నా మొహం తుడిచాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఇప్పటికీ ఆ రూట్లో పోయినప్పుడు తెల్ల తువ్వాల కనబడితే మొహంలోకి చూస్తాను.

డిపో మేనేజరు సారు మంచివాడు. నన్ను బస్టాండులో ఎంక్వైరీ గదిలో కూర్చోబెట్టాడు. వచ్చే బస్సుల పేర్లు మైకులో చెప్పడం పని. "ఎండాకాలం దాకా ఇక్కడ ఉండమ్మా. ఆ తర్వాత మాత్రం బండెక్కగలవో లేదో నువ్వే తేల్చుకోవాలి" అన్నాడు.

"ఎక్కలేకపోతే సార్?"

ఆయన తిరగని ఫ్యాను వైపు చూశాడు. మా గొర్ల ఇళ్లల్లో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేను. ఆ రాత్రి మా ఆయన పక్కన పడుకుని "నేనింక నిలవడలేనేమో" అన్నాను. అప్పటిదాకా ఆ మాట బయటికి అనలేదు. ఆయన లేచి కూర్చుని "రేపు మీ అమ్మోళ్లకు ఫోన్ చేస్త. సూర్యాపేట దవాఖానకు పోదాం. ఇగ అమ్మ మాట ఇనేది లేదు" అన్నాడు.

2010, సూర్యాపేట

అక్కడ మొదలైంది అసలు లొల్లి. మా అమ్మ వచ్చి, నాతో సెలవు పెట్టించి తల్లిగారింట్లో ఉంచుకుని వైద్యం చేయిస్తానన్నది. అత్తమ్మకు ఎక్కడో కాలింది.

"నా కోడలిని నేను చూసుకోలేకపోయానా ఏంటి?"

"సూసినవ్ గదా వదినె! కోదాడ తీస్కపోయి తొక్కిపిచ్చినవ్. నా బిడ్డ కాలు కాలులెక్క లేదు" అన్నది మా అమ్మ.

ఎప్పుడూ మాటకు మాట అనే అత్తమ్మ, కొంగు సర్దుకుని లోపలికి పోయింది. నేను బస్సెక్కేటప్పుడు బయటికి కూడా రాలేదు. కాలి నొప్పి కంటే అది ఎక్కువ బాధ పెట్టింది నన్ను.

సూర్యాపేటలో ఎముకల డాక్టరు దగ్గర ఎప్పుడూ జనమే. బెంచీల మీద అందరూ కట్లు కట్టిన కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంటారు, మధ్యలో నడవడానికి తోవ ఉండదు. ఒకాయన పొలం గట్టు మీద జారాడు, ఒక పిల్ల స్కూటీ మీద నుంచి పడ్డది. ఒకరి కథ ఒకరు అడిగి తెలుసుకుంటారు. నా వంతు వచ్చింది. "బెణికింది" అన్నాను. "బెణుకేనా!" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే, నేనేదో వాళ్ల వరుసలో దొంగతనంగా దూరినట్టు. కానీ తొడదాకా సిమెంటు కట్టున్న ఒకామె మాత్రం తన కాలు కింద పెట్టుకున్న స్టూలును నా వైపు జరిపింది. "నాది ఎట్లాగూ కర్రలెక్కనే ఉన్నది. నీ కాలు పెట్టు, వాపు దిగుతది" అన్నది. పిలుపు వచ్చేదాకా ఆ స్టూలు మా ఇద్దరి మధ్య అటూ ఇటూ జరుగుతూనే ఉంది.

ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. సంతోషించాల్సింది పోయి నాకు దిగులు పట్టింది. విరిగితే కట్టు కడతారు, అతుకుతుంది, లెక్క తేలుతుంది. విరగనిదాన్ని ఎట్లా బాగు చేస్తారు? డాక్టరు నవ్వి, పక్క గదిలో ఉన్న ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పంపాడు.

ఆమెది హుజూర్‌నగర్. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. నా పాదం తన ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నన్ను ఒంటికాలి మీద నిలబడమన్నది. ఎడమకాలి మీద నిలబడీ నిలబడకముందే ఒరిగిపోయాను.

"నులకమంచం తాళ్లు వదులైతే ఏమైతది అక్కా? కూసుంటే కుంగుతది. నీ చీలమండల గిట్లనే ఎముకల్ని పట్టుకునే పట్టీలు సాగినయ్. అవి సాగినప్పుడు చల్లగ పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తు మీద పెట్టి పండాలె. నువ్వేమో కాపడం పెట్టి, రుద్ది, మళ్ల బస్సెక్కినవ్."

"మరి ఇప్పుడు నొప్పి లేదు గద మేడం, ఎందుకు మడతవడుతుంది?"

"నీ కాలుకు నిలవడుడు యాదికి లేదు. పాదం పక్కకు ఒరుగుతుంటే ఎంబడే సర్దుకోవాలె, అది దానికి తెలుస్తలేదు. మళ్ల నేర్పాలె. నేర్పితే నేర్సుకుంటది."

ఆ చివరి మాట దగ్గర నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. అన్ని నెలల్లో నా కాలు బాగవుతుందని తెలిసి చెప్పిన మొదటి మనిషి ఆమె. ఏడుపులోనే నా ఎదురుకాళ్ల సంగతి, హమాలీల సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఎంతో ఇష్టంగా విన్నది.

"మూడు దినాలు గడప దాటొద్దు, బస్తా ముట్టొద్దు అన్నది ఎవరు?"

"మా అత్తమ్మ. మా దిక్కు అందరూ అంటరు గానీ, గట్టిగ పట్టుబట్టేది ఆమెనే."

"అగో, అదే అక్కా మందు! చాన బెణుకులు గట్ల కదలకుంట ఉంటేనే తగ్గుతయ్. అందరికీ ఆ మందిచ్చిన్రు, నువ్వొక్కదానివే మింగలే."

రోజూ చెయ్యాల్సినవి చూపించింది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, పాదంతో గాలిలో అక్షరాలు రాయడం, ఎడమకాలి మీద నిలబడటం. అది వచ్చాక మెత్తటి దాని మీద నిలబడటం. అమ్మ ఇంట్లో దూది దిండు మీద నిలబడి చూశాను, రెండు రోజులకే అది అప్పడమైంది. ఫోనులో మా ఆయనతో ఈ మాట చెప్పి నవ్వాను, అంతే.

కొన్నాళ్లకు మధ్యాహ్నంపూట అమ్మ ఇంటి ముందు ఆటో ఆగింది. అత్తమ్మ దిగింది. చంకలో పాత చీరతో కుట్టిన బొంత సంచి. మిర్యాలగూడ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. లోపల ఊక, మా ఆయన పనిచేసే మిల్లు ఊక.

"దూది అణిగిపోతుందంటగా. ఊక అణగదు, కాలి కింద అటూ ఇటూ జారుతుంది. నిలబడి చూడు" అన్నది నాతో, అమ్మ మొహం చూడకుండా.

అమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అత్తమ్మ చెంబు అందుకుని, తాగకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"వదినా, నువ్వన్నది నిజమే. తీసుకెళ్లింది నేనే, తొక్కించింది నేనే. దీని కాలు పోయిందంటే ఇంక నేను ఎవరికి మొహం చూపించను?"

అమ్మ ఆమె పక్కన కూలబడ్డది. "నేను మాత్రం డాక్టర్ కాడికి తోల్కపోయేదాన్నా? మా ఊళ్లె ఉంటే మా గొల్లతాతతోని కాలు గుంజిపిచ్చేదాన్ని. ఏదో కోపానికన్న. నీళ్లు తాగు వదినె" అన్నది.

అత్తమ్మ వారంపాటు ఉండిపోయింది. పొద్దున్నే నేను ఊకసంచి మీద ఒంటికాలిపై నిలబడితే, ఒక పక్క అమ్మ, ఒక పక్క అత్తమ్మ. నేను ఎటు ఒరిగితే అటువాళ్లు గెలిచినట్టు భుజం అడ్డం పెట్టేవాళ్లు. ఊక మీద కాలు వణికేది, కుంగేది, సర్దుకునేది. ఒకరోజు ఎటూ ఒరగలేదు. ఇద్దరూ చేతులు చాపుకుని ఊరికే నిలబడిపోయారు. ఫిజియో మేడంకు ఊకసంచి చూపిస్తే పడీపడీ నవ్వి, తనూ ఎక్కి నిలబడి చూసింది. ఇంకోటి కుట్టించి తెమ్మన్నది. మూడు రోజుల గడప సంగతి అత్తమ్మకు చెప్పినప్పుడు ఆమె మొహం చూడాలి. "అదేగా నేను మొదట్నుంచీ మొత్తుకునేది!" అన్నది. అప్పటి నుంచి ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు తను కూడా ఒక డాక్టరైనట్టే ఎక్కేది.

ఎండాకాలం చివర

మళ్లీ బస్సెక్కిన రోజు కరీం చాచా బండి తీయకుండా కాసేపు అద్దంలో నన్నే చూశాడు. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపి "రైట్" అన్నాను. బండి కదిలింది. హుజూర్‌నగర్ దాకా గుంతలు ఎక్కడెక్కడున్నాయో నాకు కంటికి కాదు, పాదానికి తెలుస్తున్నాయి. ఒరిగేలోపే సర్దుకుంటోంది కాలు. నేరేడుచర్ల దగ్గర రాడ్డు వదిలేశాను. ఎవరూ చూడలేదు, చాచా తప్ప. ఆయన హారన్ కొట్టాడు, ముందు రోడ్డు మీద ఎవరూ లేకపోయినా.

ఆ తర్వాత కాలు మడతపడలేదు. కానీ తొక్కడం మాత్రం మానేశాను. బస్సులో పట్టుకోవడానికి రాడ్డు ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి ఇంకొకరి నొప్పి మీద పాదం పెట్టాలంటే, నా కాలు మోసం చేస్తే వాళ్ల మీదనే పడతానని భయం. ఎవరన్నా వస్తే మంచి మాటలతో పంపేదాన్ని. వాపు మీద రుద్దొద్దు, వేడి పెట్టొద్దు, ఐసుగడ్డ తువ్వాలలో చుట్టి పెట్టు, కాలు దిండు మీద పెట్టి పడుకో, అడుగు వెయ్యలేనంత నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించు, తగ్గాక ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకో. ఇవన్నీ చెప్పేదాన్ని. హమాలీలు తల ఊపి వినేవాళ్లు, కానీ ఏదో తక్కువైనట్టు పోయేవాళ్లు. అత్తమ్మ ఒక్కసారి కూడా తొక్కమని అడగలేదు. ఎందుకు అడగడం లేదో నాకు తెలుసు.

2013

నిరుడు వానలకు అత్తమ్మ వాకిట్లో నాచు మీద జారింది. కాలు మడతపడ్డది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చీలమండ ఉబ్బి ఉంది. ఆముదం సీసా దగ్గర్లో కూడా లేదు. అడుగులు వేయించి చూశాను, మెల్లగా వేసింది. ఎముక మీద నొక్కి చూశాను, అంత బాధ లేదన్నది. ఐసు పెట్టాను, పట్టీ కట్టాను, కాలు దిండ్ల మీద పెట్టాను. మూడు రోజులు గడప దాటొద్దన్నాను. "నా మందు నాకే చెప్తావా?" అని నవ్వింది.

తెల్లారి నేను టీ కలిపి తెస్తే తాగలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపింది.

"పరగడుపున ఉన్నాను. తొక్కు."

"అత్తమ్మా, నువ్వు గూడ ఇన్నవ్ గద ఆ మేడం చెప్పింది. తొక్కుడుతోని తగ్గేది కాదది."

"తగ్గుతుందని నేనన్నానా? తొక్కు. కావాలంటే గోడ పట్టుకో."

నాలుగేళ్లుగా ఆ వాకిట్లో అట్లా నిలబడలేదు నేను. ఎడమకాలి మీద బరువు వేశాను. గోడ చేతికి అందేంత దూరంలోనే ఉంది, పట్టుకోలేదు. కుడిపాదం లేపి, కట్టు మీద మెత్తగా ఆనించి, పైనుంచి కిందికి నిమిరాను. ఒకసారి. ఎడమకాలు కొంచెం వణికి సర్దుకుంది. రెండోసారి. అప్పుడు చూశాను, అత్తమ్మ తన కాలు చూసుకోవడం లేదు. తల వంచి నా ఎడమపాదాన్నే చూస్తోంది. మూడోసారి నిమిరి, పాదం కింద పెట్టబోయాను.

"ఉండు" అన్నది. "ఇంకాసేపు అట్లాగే నిలబడు. చూడనీ."

నిలబడ్డాను.